ఈతగాళ్ల ‘రెక్క ఎముక’: వ్యాయామ చికిత్సా పరిభాషపై ఒక విమర్శ

ఈతగాళ్ల భుజం నొప్పికి వ్యాయామ చికిత్సను తెలుగులో చెప్పబూనిన రచయితకు ‘స్కాపులా’ అనే ఎముక పేరు దగ్గరే చిక్కు మొదలవుతుంది. పాఠ్యపరిభాషలో అంసఫలకం, భుజఫలకం అనే మాటలున్నాయి. ఆకారాన్ని బట్టి ఇవి తప్పు కావు. అయితే ఫలకం అనగానే వీపునకు బిగించిన పలక స్ఫురిస్తుంది. నిజానికి మొండెంతో ఆ ఎముకకు ఉన్న అస్థిసంబంధం జత్రుక ద్వారానే. పక్కటెముకల మీద దానిని నిలిపేవీ, జరిపేవీ కండరాలే. చేయి పూర్తిగా పైకి లేచే 180 డిగ్రీలలో సుమారు 60 డిగ్రీలు దీని భ్రమణం వల్ల లభిస్తాయి.

ఈ చలనాన్ని జనవ్యవహారంలోని ‘రెక్క’ చక్కగా పట్టిస్తుంది. రెక్కాడితేగాని డొక్కాడదన్న సామెతలో రెక్కకు తగిలిన క్రియ ‘ఆడు’. అక్కడ రెక్క అంటే మొత్తం చేయి కదా అనే ఆక్షేపణ సబబే. ‘రెక్క ఎముక’ అంటే ఆ సందిగ్ధత తీరుతుంది.

‘స్కాపులర్ డిస్కైనీసిస్’ను వ్యాధిగానో, లోపంగానో అనువదించడం ఇంతకంటే పెద్ద పొరపాటు. 2011లో మాడ్సెన్ బృందం భుజం నొప్పి లేని 78 మంది పోటీ ఈతగాళ్లను ఒక శిక్షణ వేళ పరిశీలించగా, ముగింపు నాటికి 82 శాతం మందిలో ఈ కదలిక తేడా కనిపించింది. సాధన సాగేకొద్దీ నొప్పి లేనివారిలోనూ తలెత్తే స్థితికి వ్యాధి అని పేరు పెట్టడం అనవసరమైన భయాన్ని కలిగిస్తుంది. ‘గతిభేదం’ అనడం యుక్తం.

ఇక సూచనల భాష. ‘భుజాలు వెనక్కి లాగి బిగించండి’ అనేది మనకు బాగా పరిచితమైన వాక్యం. ట్రపీజియస్ కండరం కింది భాగానికి బలమిచ్చే వ్యాయామాలలో వెనక్కి లాగడానికి స్థానముంది. కాని క్రాల్ ఈతలో చేయి ముందుకు చాచే క్షణాన రెక్క ఎముక పైకి తిరుగుతూ ముందుకు జారాలి. బిగింపు అక్కడ అడ్డు. బార వేసినంతసేపూ సెరేటస్ యాంటీరియర్ కండరం పనిచేస్తూనే ఉంటుందని 1991లో పింక్ బృందం చూపింది. దానికి బలంతోపాటు ఓర్పు కూడా కావాలి. కనుక సూచన ఇలా ఉండవచ్చు: ‘గోడకు అరచేతులు ఆన్చి, మోచేతులు వంచకుండా, రెండు రెక్క ఎముకల నడుమ వీపు నిండేలా గోడను ఇంకాస్త నెట్టండి. నెమ్మదిగా వెనక్కి రండి.’ దీనిలో ఏ పరిభాషా లేదు, శరీరానికి మాత్రం పని తెలుస్తుంది.

‘సరిచేసే వ్యాయామాలు’ అనే శీర్షికా పునరాలోచించదగినదే. 2004లో మెక్‌క్లూర్ బృందం ఈతగాళ్లపై కాక, సాధారణ భుజం నొప్పి రోగులపై చేసిన అధ్యయనంలో 6 వారాల వ్యాయామంతో నొప్పి తగ్గింది, పనితీరు మెరుగైంది. రెక్క ఎముక కదలిక తీరు మాత్రం మారలేదు. ‘సరిచేయడం’ అని చదివిన ఈతగాడు అద్దంలో రెండు వైపులా సమంగా కనిపించే దాకా కొలనుకు దూరంగా ఉండిపోవచ్చు. అతడు చూసుకోవలసినది నొప్పి లేకుండా ఎంత దూరం ఈదగలుగుతున్నాడన్నది.