బందరులో ముందుగా చూడవలసినది

మచిలీపట్నాన్ని ఒక్క పూటలో చూసి రావచ్చునని చెప్పే యాత్రాసూచికలు ఈ వారం మళ్లీ కనిపించాయి. మంగినపూడి తీరం, చిలకలపూడి పాండురంగస్వామి ఆలయం, చివరగా లడ్డూల దుకాణం, ఈ మూడు మజిలీలతోనే అవి పట్టణాన్ని ముగించడం బాధ కలిగిస్తుంది. చరిత్ర గల ఊరిని దాని పేరు నుంచి చూడడం మొదలుపెట్టాలన్నది ఈ శీర్షిక పాత పట్టుదల. మచిలీపట్నానికి మరో పేరైన బందరు అంటే పారశీకంలో ఓడరేవు. గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారమైన ఈ రేవును ఆశించే 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తకస్థావరాలు నెలకొల్పారు. కనుక యాత్రికుడు బందరుకోట శిథిలాలనూ డచ్చివారి సమాధులనూ ముందుగా దర్శించాలనడం న్యాయంగానే తోస్తుంది.

అయితే అంత గొప్ప రేవుకు ఇంత కొద్ది ఆనవాళ్లే ఎందుకు మిగిలాయని అడిగితే ఆలోచన దారి మళ్లుతుంది. తుపాను గాలికి సముద్రం పొంగి నేల మీదికి రావడాన్ని ఉప్పెన అంటారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన పట్టణాన్నీ పరిసరాలనూ ముంచి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకోగా, 1977 నవంబరు 19న మరో ఉప్పెన పొరుగున ఉన్న దివిసీమలో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. ఇటువంటి తీరాన గోడలను నమ్ముకున్న చరిత్ర నిలవదు. చేతిపనిని నమ్ముకున్నది నిలిచింది.

ఆ చేతిపని పొరుగునే పెడనలో కనిపిస్తుంది. అక్కడి కలంకారీలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేస్తారు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన ద్రావణాన్ని చెక్క అచ్చుతో అద్దగానే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లరంగుగా మారుతుంది. ఎరుపు కోసం పటిక అద్ది, ఒకప్పుడు చిరివేరు అనే మొక్క వేళ్లతో ఉడికించేవారు. పారశీకుల అభిరుచికి తగిన లతలు, పూలు ఈ అచ్చుల్లో చేరి నేటికీ ఉన్నాయి.

లడ్డూకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. శనగపిండిని జంతికల్లా నేతిలో వేయించి, రోట్లో పోసి రోకలితో దంచి, జల్లించి, బెల్లపు పాకంలో కలిపి మళ్లీ దంచడం వల్లనే దానికి తొక్కుడు లడ్డూ అనే పేరు వచ్చింది. ఇందులోనూ విద్య చేతి నుంచి చేతికే అందింది.

కాబట్టి లడ్డూను సూచికలో చేర్చినవారిని తప్పుపట్టనక్కరలేదు. దానిని చివరి నుంచి మొదటికి తెస్తే చాలు. దంచే రోలునూ అద్దే అచ్చునూ చూసిన తరువాత కోటకు వెళ్లిన యాత్రికునికి అక్కడి ఖాళీ నేల కూడా అర్థమవుతుంది.