నాగలమడక: పదకోశం చేరని ఒక నది ఒడ్డు

తెలుగు మాండలిక అధ్యయనంలో నాగలికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించబడింది. భూమి దున్నే పనిముట్టుకు కోస్తాలో నాగలి అనీ, రాయలసీమలో మడక అనీ మన విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే చదువుకుంటారు. మాండలిక భేదానికి ఉదాహరణ చెప్పమంటే పదిమందిలో ఎనిమిదిమంది ఈ జంటనే చెబుతారు. అయితే ఈ మడకను తన పేరులోనే నిలుపుకొన్న ఊరొకటి ఉంది. ఆ ఊళ్లో తెలుగే ఇంటిభాష. ఆ పదకోశపు పటంలో మాత్రం ఆ ఊరికి చోటు లేదు. ఈ సంగతిని కొంచెం విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఊరు నాగలమడక. కర్ణాటకలో తుమకూరు జిల్లా, పావగడ తాలూకాలో ఉత్తర పినాకిని ఒడ్డున ఉంది. కన్నడ లిపిలో, ప్రభుత్వ రికార్డుల్లో నాగలమడికె. ఒక హోబళికి కేంద్రమే కాని చిన్న ఊరే. నది అంటే ఏడాది పొడుగునా పారే నది అనుకోకూడదు. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, నంది కొండల్లో పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం ప్రాంతంలో ఆంధ్రదేశంలో అడుగుపెడుతుంది. అక్కడ కొంతదూరం నడిచి మళ్లీ కర్ణాటకలో పావగడ తాలూకాలోకి వస్తుంది. నాగలమడక దాటాక పేరూరు దగ్గర తిరిగి ఆంధ్రలో ప్రవేశిస్తుంది. చాలా ఏళ్లు ఇక్కడ ఇసుకే తప్ప నీరు కనబడదు. ఏరు ఇన్నిసార్లు రాష్ట్రం మారినా రెండు ఒడ్డుల మీది భాష దానితోపాటు మారదు. రొద్దంలో, నాగలమడకలో, పేరూరులో వినబడేది దాదాపు ఒకే తెలుగు.

ఊరికి ఖ్యాతి తెచ్చింది సుబ్రహ్మణ్యేశ్వరాలయం. కుక్కె ఆదిసుబ్రహ్మణ్యం, ఘాటి మధ్యసుబ్రహ్మణ్యం, నాగలమడక అంత్యసుబ్రహ్మణ్యం అని ఒక వరుస చెబుతారు. స్థలపురాణం క్లుప్తంగా ఇది: ఏటా కుక్కె వెళ్లి స్వామిని సేవించే ఒక భక్తుడు వృద్ధుడై ప్రయాణం చేయలేకపోగా, స్వామి కలలో కనబడి తానే ఈ ఏటి ఒడ్డుకు వస్తానన్నాడు. తర్వాత నేల దున్నుతుంటే నాగశిల మడకకు తగిలింది. నాగుడు మడకకు దొరికిన చోటు కనుక ఆ పేరు. పుష్యమాసంలో జరిగే రథోత్సవానికి రెండు రాష్ట్రాల జనమూ వస్తారు.

ఈ పేరు మీద మూడు రకాల వాదాలు వినబడతాయి. మొదటిది, చివర ఎకారం ఉంది కాబట్టి ఇది కన్నడ పేరన్నది. ఈ వాదం నిలవదు. తెలుగులో అకారాంతాలైన తల, ఎద, కోట వంటి మాటలు కన్నడంలో తలె, ఎదె, కోటె అవుతాయి. రాతలో ఎకారం చేర్చినంత మాత్రాన నోటిమాట మారిపోదు. రికార్డు రాసిన గుమాస్తా భాష ఏదో ఆ ఎకారం చెబుతుంది. ఊరివాళ్ల భాష ఏదో చెప్పడం దాని చేతకాదు. రెండవది, నాగలి, మడక రెండూ పనిముట్టు పేర్లే కనుక కోస్తా మాటా సీమ మాటా జతకూడి ఈ పేరు ఏర్పడిందన్నది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని నాగలి మాట ఇంటి వాడుకలో లేని ప్రాంతంలో అది ఊరిపేరులోకి ఎలా వచ్చిందో ఈ వాదం చెప్పలేదు. నాగుల అనే బహువచన షష్ఠీరూపం నాగల అయిందనుకోవడమే సహజం. స్థలపురాణమూ అటే మొగ్గుతుంది.

మూడవ వాదం ఈమధ్య పట్నవాసుల నోట ఎక్కువగా వినబడుతోంది. మడికె అంటే కుండ కదా, నాగుల కుండ అని అర్థం కదా అంటారు. నేటి శిష్ట కన్నడంలో మడకె, మడికె అంటే కుండేనన్న మాట నిజం. నాగలికి కన్నడంలో నేగిలు అంటారు. కాని తుమకూరు, కోలారు ప్రాంతాల పల్లె కన్నడంలో మడికె అంటే దున్నే పనిముట్టు కూడాను. ఈ ఒక్క సంగతికోసమే ఈ ఊరిపేరు మనకు ముఖ్యమని మా అభిప్రాయం. శిష్ట తెలుగులో నాగలి, శిష్ట కన్నడంలో నేగిలు. ఈ రెండూ ఒకదానికొకటి చుట్టాలే. సంస్కృతంలో లాంగలమూ వాటి పొరుగునే ఉంది. సీమ తెలుగులో మడక, తూర్పు పల్లె కన్నడంలో మడికె. ఇవీ చుట్టాలే. అంటే ఇక్కడ గీత తెలుగుకూ కన్నడానికీ మధ్య పడలేదు. రెండు భాషల శిష్టరూపాలు ఒకవైపు, ఈ మెట్టభూముల తెలుగూ కన్నడమూ కలిసి ఇంకొకవైపు ఉన్నాయి. ఊరిపేరు తెలుగా కన్నడమా అని వాదించుకునేవారు ఈ గీతను గమనించినట్టు లేదు. (పక్కనున్న మడకశిర పేరులోనూ మడక వినిపిస్తుంది. వినిపించిందల్లా వ్యుత్పత్తి అనుకోవద్దని మా తరగతిలో ఎప్పుడూ చెబుతూనే ఉంటాం కనుక దాని జోలికి పోవడం లేదు.)

ఇక పదకోశం సంగతి. అది మహాకార్యం. రైతుల దగ్గరకు వెళ్లి, వాళ్ల నోటివెంట మాటలు సేకరించి, ఏ మాట ఏ ప్రాంతంలో ఉందో నమోదు చేయడం అంతకుముందు మన దేశభాషల్లో అంత పద్ధతిగా జరగలేదు. మేమంతా దానిమీద పెరిగినవాళ్లమే. అయినా ఒక మాట చెప్పక తప్పదు. అది రాష్ట్ర అకాడమీ పని గనుక సేకరణ రాష్ట్రం హద్దుతో ఆగింది. అందులో తప్పు లేదు. ప్రభుత్వం డబ్బిచ్చిన మేరకే పరిశోధకుడి కాలు సాగుతుంది. తప్పు ఆ తర్వాత వచ్చిన మాలాంటి అధ్యాపకులది. పాలనా సౌకర్యం కోసం గీసిన ఆ పటాన్నే భాష ఎల్లగా విద్యార్థులకు చూపించాం. పావగడకు మూడు పక్కలా ఉన్న అప్పటి అనంతపురం జిల్లా పల్లెల మాటలకు మాండలికమనే గౌరవం దక్కింది. ఏటికి నాలుగు మైళ్లు ఎగువన అదే రైతు, అదే మడక, అవే కర్రు, మేడి, నొగ ఉన్నా ఆ మాటలకు సరిహద్దు తెలుగు, మిశ్రమ తెలుగు అనే పేర్లు వచ్చాయి.

ఈ పేర్లతోపాటు మన వ్యాసాల్లో స్థిరపడిన ఇంకొక మాట రాష్ట్రేతరాంధ్రులు. బ్రతుకుతెరువుకు ఖరగ్‌పూరో, బొంబాయో, బరంపురమో వెళ్లినవారి విషయంలో దానికి కొంత అర్థం ఉంది. నాగలమడకవాసి ఎక్కడికీ వెళ్లలేదు. ఆ ఊరు మైసూరు సంస్థానంలో ఉండేది. చుట్టూ మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా, 1882 తర్వాత దానినుంచి విడివడిన అనంతపురం జిల్లా. 1956లో భాషాప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఆ పాత గీత అక్కడే నిలిచింది. అవతలి పక్క మడకశిర, అమరాపురం ప్రాంతాల్లో కన్నడం మాట్లాడేవారు ఆంధ్రలో ఉండిపోయారు. ఇంకా వెనక్కి పోతే ఈ తాలూకాలోని నిడుగల్లు కోటనుంచి పాలించిన చోళులను చరిత్రకారులు తెలుగు చోళుల శాఖగా లెక్కిస్తారు. వాళ్లు వేయించినవి కన్నడ శాసనాలు. ఇలాంటి సీమలో ఎవరు ఎవరికి ఇతరులో తేల్చడం భాషాశాస్త్రం పని కాదు, రెవెన్యూ శాఖ పని.

రెవెన్యూ అనగానే గుర్తుకు వచ్చింది. పావగడ నుంచి వచ్చిన పిల్లలు పొలం కాగితాన్ని పహణి అంటారు. తరగతిలో ఎవరో ఒకరు అది కన్నడమనీ, తెలుగులో అడంగల్ అనాలనీ దిద్దుతారు. పిల్లవాడు నొచ్చుకుని తర్వాతి వ్యాసంలో అడంగల్ అనే రాస్తాడు. తెలంగాణలో తరతరాలుగా పహాణీ అనే అంటున్నారన్న సంగతి దిద్దినవారికి తట్టలేదు. అడంగల్ మద్రాసు రాజధాని నుంచి వచ్చిన తమిళ మాట. పొలం కాగితానికి ఏ పేరు పెట్టాలో ఆ పొలం ఏ కచేరీ కింద ఉందో దాన్నిబట్టి ఉంటుంది. దానివల్ల తెలుగు చెడదు. ఖాతె, హోబళి, తాలూకు కూడా ఇలాంటివే. వ్యాకరణంలోకి వస్తే క్రియల రూపాల్లో, చుట్టరికపు పిలుపుల్లో, తిండి పేర్లలో పావగడ తెలుగు అనంతపురం తెలుగుతోనే నడుస్తుంది. చెనిక్కాయలు, కసువు, బోకులు అనే మాటలు పేరూరులో ఎంత తెలుగో నాగలమడకలోనూ అంతే తెలుగు. ఇంతకన్నా దగ్గరి బంధుత్వాన్ని ఏ మాండలిక శాస్త్రవేత్తా అడగడు.

ఊళ్ల పేర్లు కూడా చూడండి. ఈ హోబళిలో క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఊళ్లున్నాయి. కన్నడ లిపిలో ఇవి కొద్ది మార్పుతో అలాగే రాయబడుతున్నాయి. చివరనున్న లు తెలుగు బహువచన ప్రత్యయంలాగే కనబడుతున్నది. చెరువులే చెర్లు అయినట్టు తోస్తుంది. పల్లెను హళ్లి చేసిన గుమాస్తా కలానికి ఈ ప్రత్యయం దొరకలేదు. కన్నడ ప్రభుత్వపు రిజిస్టరులో ఒక తెలుగు విభక్తి చుట్టం హాయిగా కూర్చుని ఉందన్నమాట. ఇటువంటి పేర్లు తాలూకాలో ఇంకెన్ని ఉన్నాయో ఏ పట్టికా మాకు కనబడలేదు. ఒక ఎమ్.ఎ. విద్యార్థి రెండు సెలవుల్లో చేయదగిన పని ఇది.

తొందరపడవలసిన కారణం ఒకటి ఉంది. ఇదే హోబళిలో తిరుమణి, బాలసముద్ర, వల్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల మీద సౌరవిద్యుత్ పార్కు వెలసింది. 2018 మార్చిలో ప్రారంభమై 2019 చివరికల్లా 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. రైతులు భూమిని అమ్మలేదు, 28 ఏళ్ల గుత్తకు ఇచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి రెండేళ్లకొకసారి 5 శాతం పెరిగేట్టు ఒప్పందం. వానలు మొహం చాటేసే తాలూకాలో నిలకడైన రాబడి రావడం చిన్న విషయం కాదు. చెనిక్కాయ పంట ఎన్నిసార్లు ఎండిపోయిందో చూసినవారెవరూ ఆ రైతును తప్పుపట్టరు. గుత్త డబ్బు పట్టాదారుకు వస్తుంది. పొలంలో కూలికి పోయే ఆడవాళ్లకూ, గొర్రెల కాపరికీ రాదు. ఇది అక్కడ అందరికీ తెలిసిన లెక్కే. మా విషయానికి వస్తే ట్రాక్టర్లు వచ్చి మడక అంతకుముందే మూలన పడింది. మూలనున్న మడకను చూపించి మాట అడిగితే తాత చెప్పేవాడు. అది ఆడిన చేను 28 ఏళ్లపాటు గాజు పలకల కింద ఉంటే, ఆ చేనిమీద సాళ్లకు, గట్లకు, నేల రకాలకు ఉన్న పేర్లను మనవడు ఎక్కడ వింటాడు? 1962 నాటివారు ఏరు దాటి ఈవలికి రాలేదు. ఆ తర్వాత వచ్చినవారికి దున్నేవాడు కనబడడు. దున్నేవాడి మాటలు తెలిసినవారు మాత్రం ఇంకా ఉన్నారు.

సాహిత్యం ఈ లోటును కొంత పూరించగలదు. పులికాట్ సరస్సు లంకల్లోని తెలుగును స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథల్లో పట్టుకున్న తర్వాతే చాలామందికి అక్కడొక తెలుగు ఉందని తెలిసింది. అటువంటి పుస్తకం రావడానికి రచయిత కావాలి, రచయిత కోసం నిరీక్షించాలి. పదసేకరణకు ఓపిక ఒక్కటే చాలు.

పావగడనుంచి, మధుగిరినుంచి, గౌరిబిదనూరునుంచి వచ్చి మన శాఖలో చదువుతున్నవారికి మా సూచన ఇది. పదకోశం మొదటి సంపుటంలోని శీర్షికలను అలాగే తీసుకోండి. మడక భాగాలు, గొర్రు, గుంటక, కాడి, పశువుల వయసులు, నేలల పేర్లు. ఇంట్లో అరవై దాటిన వారిని అడగండి. ఆడవారిని తప్పక అడగండి. కలుపు, కోత, నూర్పిడి మాటలు వాళ్ల దగ్గరే ఎక్కువ. తెలుగులోనే అడగండి. వాళ్లు కన్నడ మాట చెబితే దిద్దకుండా అదే రాయండి, ఎవరు ఏ సందర్భంలో అన్నారో పక్కన గుర్తుపెట్టండి. అదే మాటను ఏటికి దిగువన పేరూరులో, కన్నడం మాట్లాడే అమరాపురంలో మళ్లీ అడగండి. వై.ఎన్. హొసకోట వారికి వేరే పని ఉంది. పట్టుచీరల నేత ఇంకా నడుస్తున్న ఊరది. పదకోశం రెండవ సంపుటం 1971లో చేనేత పదాలతోనే వచ్చింది. మగ్గం ముందు కూర్చున్నవారిని అడగడానికి అక్కడ ఇప్పటికీ వీలుంది.

మడక అడుగుభాగాన్ని, దానికి కర్రును పట్టి ఉంచే బిగింపును నాగలమడకలో ఏమంటారో ముందుగా రాసి పంపండి. ఏటి రెండు పక్కలా ఒకే మాట వస్తుందో రాదో చూద్దాం.