గడియారం చూసి ఇవ్వవలసిన సూది

సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు ఆసుపత్రి మెట్లెక్కడానికి అన్నిటికంటె తరచైన కారణం నొప్పి. అయితే ఆ నొప్పికి చూపించడానికి గాయం ఉండదు, ఎక్స్‌రేలో విరిగిన ఎముక కనిపించదు, దాని తీవ్రత ఇంత అని చెప్పే రక్తపరీక్ష కూడా లేదు. ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన ఒక్క చోట వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం చేరడం వల్ల, ప్రాణవాయువు తగ్గినప్పుడు గుండ్రని ఎర్రకణం కొడవలిలా వంగి బిరుసెక్కి, సన్నని రక్తనాళాల్లో చిక్కుకుంటుంది. అలా రక్తం అందక ఎముకల లోపలి మజ్జలో పుట్టే నొప్పినే వైద్యులు పెయిన్ క్రైసిస్ అంటారు. అది నడుములోనో తొడల్లోనో ఛాతీలోనో మొదలై, రోజుల తరబడి సాగవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు ముఖ్యంగా అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల గిరిజన కుటుంబాల్లో కనిపిస్తుంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించిన జాతీయ మిషన్ 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలనీ, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలనీ లక్ష్యాలు పెట్టుకుంది. పరీక్షల గురించి ఇంతగా మాట్లాడే ప్రభుత్వాలు, జబ్బు ఉందని తేలినవారి నొప్పి గురించి మాట్లాడింది తక్కువే. ఏజెన్సీకి ఎంతో దూరాన, గుంటూరు పెద్దాసుపత్రికి సుమారు 90 కిలోమీటర్ల దూరాన ఉన్న వినుకొండ వంటి పట్టణంలో ఇటువంటి రోగి అర్ధరాత్రి వస్తే, ఏ దెబ్బా లేకుండా కేకలు పెడుతూ ఫలానా ఇంజెక్షనే కావాలని పేరు పెట్టి అడిగే యువకుడిని చూసి, మందుకు అలవాటు పడ్డాడేమోనని డ్యూటీ డాక్టరుకు అనుమానం కలగడం వింతేమీ కాదు. కానీ చిన్ననాటి నుంచి ఈ నొప్పితో బతికినవాడికి తనకు పనిచేసే మందు పేరూ మోతాదూ తెలియకుండా ఎలా ఉంటాయి? షుగరు రోగి తన ఇన్సులిన్ యూనిట్లు చెబితే జాగ్రత్తపరుడని మెచ్చుకునే వార్డులోనే ఇతడు అనుమానితుడవుతున్నాడు.

ఈ అనుమానం కంటె ఎక్కువ హాని చేసేది కేస్ షీటులో మందు పేరు పక్కన అలవాటుగా పడే ‘ఎస్ఓఎస్’ అనే మూడక్షరాలు. అవసరమైతేనే ఇమ్మని దాని భావం. ఆచరణలో మాత్రం రోగి మూలగాలి, తోడున్నవారు లేచి సిస్టరమ్మను వెతకాలి, ఆమె చేతిలోని పని ముగించుకొని బీరువా తాళం తీసి మందు రిజిస్టరులో రాయాలి. ఇదంతా జరిగేసరికి నొప్పి మళ్లీ శిఖరానికి చేరి, అంతకుముందు సరిపోయిన మోతాదు ఇక చాలదు. అందుకే బ్రిటన్‌లో 2012లో వెలువడిన మార్గదర్శకాలు రోగి వచ్చిన 30 నిమిషాల్లో మొదటి మోతాదు పడాలనీ, నొప్పి అదుపులోకి వచ్చేదాకా ప్రతి 30 నిమిషాలకూ మళ్లీ చూడాలనీ చెప్పాయి. 2020లో అమెరికా రక్తవైద్యుల సంఘం మొదటి మోతాదుకు గంట గడువు పెట్టింది. నిజమైన నేర్పు మొదటి సూదిలో కంటె అరగంట తరువాత మంచం దగ్గరికి తిరిగి రావడంలో ఉంది, ఎందుకంటే తగిన మోతాదు ఏదో అప్పుడే తెలుస్తుంది.

అప్పుడు అడిగే ప్రశ్న కూడా రోగికి అందేలా ఉండాలి. పదికి ఎంత నొప్పి అంటే తెల్లబోయే పల్లెటూరి మనిషి, రూపాయికి ఎన్ని పైసలు తగ్గిందని అడిగితే ‘పావలా తగ్గింది’ అని తడుముకోకుండా చెబుతాడు. సిస్టరమ్మ ఆ పావలానే గంటతో సహా షీటులో రాసుకుంటే, తరువాత వచ్చే డ్యూటీవారికి అదే లెక్క.

తీవ్రమైన నొప్పికి ఆధారం మార్ఫిన్. సాధారణంగా కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము చొప్పున, అంటే 50 కిలోల మనిషికి 5 మిల్లీగ్రాములు నరంలోకి నెమ్మదిగా ఇచ్చి, ఫలితాన్ని బట్టి పెంచుతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనేక లైసెన్సులు కావలసి రావడంతో చాలా ఆసుపత్రులు దీన్ని నిల్వ పెట్టుకోవడమే మానేశాయి. 2014 సవరణ తరువాత మార్ఫిన్ సహా 6 మందులకు నిబంధనలు సడలినా, పాత భయం అంత తేలికగా వదలలేదు. ఆ ఖాళీలోకి వచ్చిన పెథిడిన్ శరీరంలో విరిగి మూర్ఛలు తెప్పించే పదార్థంగా మారుతుంది. ఫోర్ట్‌విన్ అని అందరూ పిలిచే పెంటజోసిన్ కొంత మోతాదు దాటాక నొప్పిని అంతకుమించి తగ్గించదు, పైగా మార్ఫిన్‌కు అలవాటుపడిన శరీరంలో దాని పనికే అడ్డుపడుతుంది. డైక్లోఫెనాక్ కొంత ఉపకరిస్తుంది గానీ, ఈ జబ్బు మూత్రపిండాలను ముందే దెబ్బతీస్తుంది కాబట్టి క్రియాటినిన్ చూడకుండా ఇవ్వడం ప్రమాదం.

మార్ఫిన్ భయం పూర్తిగా నిరాధారమూ కాదు: మత్తు ఎక్కువైతే శ్వాస మందగిస్తుంది. కనుక నొప్పి గురించి అడిగిన ప్రతిసారీ నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కించి, పిలిస్తే పలుకుతున్నాడా అని చూడాలి, విరుగుడైన నాలొక్సోన్‌ను ట్రేలో సిద్ధంగా ఉంచాలి. నొప్పి తగ్గకపోయినా ఊపిరికి ముప్పే, ఎందుకంటే పక్కటెముకల నొప్పితో లోతుగా పీల్చలేనివాడి ఊపిరితిత్తుల అడుగు భాగాలు మూసుకుపోయి, అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక స్థితి రావచ్చు. దీనిని నివారించడానికి, గొట్టంతో గాలి పీల్చి బంతులను పైకి లేపే చవక పరికరాన్ని మేలుకొని ఉన్నంతసేపూ 2 గంటలకొకసారి, పదేసి సార్లు వాడిస్తారు. సెలైన్ సీసాలు వరసగా ఎక్కించడం ఊపిరితిత్తుల్లో నీరు చేర్చే మరో పొరపాటు; నొప్పి ఒక్కటే ఉన్నప్పుడు రక్తం ఎక్కించడం దానికి మందు కాదు.

ఇంటికి పంపేటప్పుడు, నొప్పి దాడులను దాదాపు సగానికి తగ్గిస్తుందని 1995లో నిరూపితమైన హైడ్రాక్సీయూరియా మాత్రలు రాసే వైద్యులు కూడా, డిశ్చార్జి కాగితం మీద ‘లక్షణాలకు చికిత్స చేయడమైనది’ అని ఊరుకుంటారు. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకొకసారి ఇస్తే నొప్పి దిగివచ్చిందో అదే కాగితం మీద సంతకంతో రాసి ఇస్తే, మరోసారి మరో ఊళ్లో అర్ధరాత్రి ఆ మందు పేరు రోగి నోటితో చెప్పుకోనక్కరలేదు.