పొయ్యి పొగను శంకించిన హృద్రోగ నిపుణురాలు

డాక్టర్ ఎస్. పద్మావతిగారు 2020 ఆగస్టులో, 103వ ఏట, ఢిల్లీలో కోవిడ్ సోకి మరణించినప్పుడు పత్రికలు వారిని భారతదేశపు మొదటి మహిళా హృద్రోగ నిపుణురాలని కొనియాడినవి. ఆ మాట నిజమే. కాని మొదటివారు అనుటతో సరిపెట్టినచో వారు ఏమి కనుగొనిరో మరుగునపడును.

పద్మావతిగారు 1917లో బర్మాలో పుట్టి, రంగూన్‌లో వైద్యము చదివి, యుద్ధకాలమున ఇండియా చేరిరి. లండన్‌లో పై చదువులు ముగించి, అమెరికాలో హెలెన్ టాసిగ్, పాల్ డడ్లీ వైట్‌ల వద్ద గుండెజబ్బుల విద్య నేర్చిరి. 1953లో ఢిల్లీ లేడీ హార్డింజ్ కళాశాలలో చేరిన కొలదికాలమునకే హృద్రోగ క్లినిక్కును నెలకొల్పిరి. మౌలానా ఆజాద్ వైద్యకళాశాలకు ప్రిన్సిపాలు అయిరి. 1962లో ఆలిండియా హార్ట్ ఫౌండేషన్‌ను, 1981లో నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిరి. ప్రశంసలన్నియు సాధారణముగా ఇక్కడనే ఆగును.

అసలు విశేషము 1959లో 'సర్క్యులేషన్' అను అమెరికా పత్రికలో, మరొకరితో కలిసి వారు ప్రకటించిన వ్యాసము. ఢిల్లీలోని 127 మంది రోగులను గూర్చినది అది. జబ్బు పేరు కార్ పల్మొనేల్.

గుండె కుడిభాగము రక్తమును పక్కనేయున్న ఊపిరితిత్తులకు మాత్రమే పంపవలెను. ఆ పనికి తక్కువ ఒత్తిడి చాలును. కనుక కుడి జఠరిక గోడ ఎడమదానికంటె పలుచన. ఏండ్ల తరబడి పొగ పీల్చి ఊపిరితిత్తులు చెడి, ప్రాణవాయువు చాలనప్పుడు వాటిలోని సన్నని ధమనులు ముడుచుకొనును. ఆ అడ్డునకు ఎదురు నెట్టి నెట్టి కుడి జఠరిక మందమగును; తుదకు నీరసించును; కాళ్లు వాచును. దెబ్బ తగిలినది ఊపిరితిత్తులకు, కూలినది గుండె.

పాశ్చాత్యదేశములలో ఇది ముఖ్యముగా పొగత్రాగు మగవారి జబ్బు. ఢిల్లీలోనో, స్త్రీలును ఇంచుమించు మగవారితో సమానముగా కనిపించిరి. వారిలో బీడీ, చుట్ట అలవాటున్నవారు కొద్దిమంది. మరి పొగ ఎక్కడిది? పిడకలు, కట్టెలు మండు పొయ్యి ముందు ఊదుగొట్టముతో కూర్చున్నవారికి ఈ ప్రశ్న అక్కరలేదు. వైద్యగ్రంథములకు అక్కర కలిగినది.

వ్యాసములో కొరత లేకపోలేదు. ఆసుపత్రికి వచ్చినవారి లెక్క ఊరి లెక్క కాజాలదు. గడప దాటలేని ఇల్లాలు అందులో చేరదు. పొగను శంకించుటకు ఇట్టి లెక్క చాలును గాని, ఎంత పొగకు ఎంత హానియో తేల్చుటకు చాలదు. పద్మావతిగారు విడువలేదు, 1976లో స్త్రీపురుష భేదమునే విషయముగా తీసికొని మరల వ్రాసిరి.

అయినను వారు స్థాపించిన సంస్థలు పెరిగినంతగా ఈ ప్రశ్న పెరగలేదు. క్యాథిటర్ గదికి శాఖ ఉన్నది, భవనమున్నది. వంటింటి పొయ్యి ఏ శాఖకును చెందదు. పేదయిండ్ల స్త్రీల పేర గ్యాసు కనెక్షన్లిచ్చు ఉజ్జ్వల పథకము 2016లో గాని రాలేదు. నడుమ గడచినవి 57 ఏండ్లు. ఆ జాప్యమును ఒక్క వైద్యురాలికి అంటగట్టుట అన్యాయము. వారి కీర్తిని వ్రాయువారు ఈ వ్యాసమును వదలివేయుటయు అన్యాయమే. సిలిండరు మరల నింపించు ఖర్చుకు వెనుదీసి, గ్యాసు పక్కనే కట్టెలు రాజేయు ఇండ్లు పల్లెలలో ఇప్పటికిని ఉన్నవి.