పాత ఫోర్డు ట్రక్కుకు పరుగు నేర్పే పనితనం

ఫోర్డు కంపెనీ 1917లో అమెరికాలో టన్ను బరువు మోసే మోడల్ టీటీ ట్రక్కును తెచ్చింది. ఇంజను మోడల్ టీ కారుదే. 2.9 లీటర్లు, 20 గుర్రాల శక్తి. అంత చిన్న ఇంజను టన్ను లాగాలంటే గేరు బాగా తగ్గించాల్సిందే. టాప్ గేరులో కారు చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను 3.64 చుట్లు తిరిగితే, టీటీలో 7.25 చుట్లు తిరగాలి. అందుకే ఈ బండిని గంటకు 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు దాటించవద్దని కంపెనీయే చెప్పింది.

ఈ ట్రక్కుల్ని బాగుచేసుకుని నేటికీ రోడ్డెక్కించే అభిమానులు అమెరికాలో ఉన్నారు. ఇప్పటి రోడ్లమీద 24 కిలోమీటర్ల వేగం ప్రమాదమే. అలాగని ఇంజన్ను గట్టిగా పరుగెత్తిస్తే అది ఎక్కువకాలం బతకదు. దాని క్రాంక్‌షాఫ్ట్‌కు ఎదురు బరువులు లేవు. బేరింగులకు ఆయిల్ పంపు ఒత్తిడితో అందదు, లోపల చిందిన ఆయిలే దిక్కు. కాబట్టి ఇంజను చుట్లు పెంచకుండా చక్రం చుట్లు పెంచాలి. పనితనమంతా అక్కడే.

మొదటి దారి ఫోర్డు చూపించిందే. మన లారీ మెకానిక్కులు ఎరిగిన క్రౌన్, పినియన్ టీటీ వెనక యాక్సిల్ హౌసింగులో ఉండవు. పైన మరలాంటి ఉక్కు వర్మ్ గేరు, కింద దానితో తిరిగే కంచు చక్రం ఉంటాయి. 7.25 జత బదులు 5.17 జత కూడా కంపెనీ ఇచ్చేది. అవే ఇంజను చుట్లకు వేగం 40 శాతం పెరుగుతుంది. దీనికి కంపెనీ పెట్టిన హద్దు 22 మైళ్లు, సుమారు 35 కిలోమీటర్లు.

అయితే వేగం ఎన్ని రెట్లు పెరిగితే లాగుడు అన్ని రెట్లు తగ్గాలి. ఇక్కడ పోయేది 29 శాతం. టీటీలో ఉన్నవి రెండే గేర్లు. లో గేరు పనిచేయాలంటే ఎడమ పెడల్ను చివరిదాకా తొక్కి పట్టుకోవాలి. గేరు పెంచిన బండి చిన్న ఎత్తుకే టాప్ వదిలేస్తుంది. ఎత్తు పొడుగునా డ్రైవరు కాలు పెడల్ మీదే ఉంటుంది, లోపల లో గేరును పట్టే బ్యాండు అరుగుతుంది. చదునైన నేలమీద తిరిగే ఖాళీ బండికి మాత్రం ఇంతకన్నా మంచి మార్పు లేదని నా అభిప్రాయం.

కొండదారుల్లో తిరిగే బండికి రెండో దారి నయం. అసలు గేరుబాక్సు వెనక మరో గేరుబాక్సు బిగించడం. ఆ రోజుల్లోనే వార్‌ఫర్డ్ వంటి అదనపు గేరుబాక్సులు బజారులో దొరికేవి. మూడు గేర్ల వార్‌ఫర్డ్‌లో ఒకటి లాగుడుకు, ఒకటి మామూలుకు, ఒకటి వేగానికి. ఉన్న రెండింటితో కలిసి ఆరవుతాయి. లో, టాప్‌ల మధ్య ఉన్న పెద్ద ఖాళీ పూడుతుంది.

ప్రాణాపాయం కూడా దీనితోనే ఉంది. టీటీ కాలి బ్రేకు చక్రాల దగ్గర పట్టదు, అసలు గేరుబాక్సులో ఉంటుంది. వార్‌ఫర్డ్ దాని వెనక కూర్చుంటుంది. దిగుడులో గేరు మార్చబోయి పళ్లు కలవక బండి న్యూట్రల్‌లో పడిపోతే, బ్రేకుకూ చక్రాలకూ లంకె తెగినట్టే. పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. మిగిలేది వెనక చక్రాల చేతిబ్రేకు ఒక్కటే. పైగా వేగం 15 నుంచి 22 మైళ్లకు పెరిగితే, ఆపాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది.

ఆధునిక ఇంజను పెట్టి తేలిగ్గా 80 కిలోమీటర్లు పరుగెత్తించవచ్చు. కానీ అప్పుడది టీటీ కాదు, టీటీ తొడుగు వేసుకున్న వేరే బండి. ఆనాటి సామగ్రితో ఆనాటి రైతులు, వర్తకులు చేసుకున్న మార్పులైతే బండి చరిత్రలో భాగమే. కావాలంటే విప్పి మళ్లీ పాత స్థితికి తెచ్చుకోవచ్చు.

మీ చేతికి ఇలాంటి బండి వస్తే, గేర్ల జోలికి వెళ్లకముందే వెనక చక్రాలకు గట్టి బ్రేకులు వేయించండి. తీసేసిన పాత వర్మ్ జతకు ఆయిల్ పట్టించి, గుడ్డలో చుట్టి, బండితోపాటే భద్రపరచండి. మీ తర్వాత దాన్ని నడిపేవారికి అది కావాలి.