ఓపిక వచనం, కూలి వచనం

మా పేటలో పుస్తకమంటే బైబిలే. దాని పక్కన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, ఆ పక్కన 'ఎడారిలో సెలయేర్లు'. పలక కొనడానికి డబ్బుల్లేని ఇళ్లలో కూడా ఈ మూడూ ఉండేవి. అక్షరాలు బళ్లో దిద్దాను గానీ, చదవడం మాత్రం సాయంత్రం ప్రార్థనలో, చదువురాని అమ్మానాన్నలకు పైకి చదివి వినిపిస్తూ నేర్చుకున్నాను. మా వంశంలో మొదటి డిగ్రీకి, ఇవాళ్టి నా పంతులు ఉద్యోగానికి పునాది అక్కడే పడింది. అందుకే ఈ పుస్తకాల్ని విమర్శించే హక్కు నాకుంది. ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు.

'ఎడారిలో సెలయేర్లు' సంగతే చూద్దాం. ఇంగ్లీషు మూలం 1925లో వచ్చింది. జపాన్‌లో మిషనరీగా పనిచేసిన అమెరికా ఆవిడ, లెట్టీ కౌమన్, భర్త జబ్బుతో మంచాన పడ్డ ఏళ్లలో తనకు ఊరటనిచ్చిన మాటల్ని ఏరి కూర్చింది. రోజుకొక వచనం, దాని కింద ధ్యానం. ఆవిడ దుఃఖం నిజం. దుఃఖంలో ఉన్న మావోళ్లకు ఆ పుస్తకం చేసిన మేలూ నిజమే. అయితే ఆవిడ కష్టం రోగం తెచ్చింది. మా అమ్మ కష్టం మనుషులు తెచ్చింది. రోగానికి ఓపిక మందు కావచ్చు. ఎగ్గొట్టిన కూలికి ఓపిక ఎట్టా మందవుద్ది?

ఒక ఏడు మిరపకోతల కూలి ఆసామి ఆపేశాడు. అడగబోతే రేపు రమ్మన్నాడు. ఆ రేపు రానేలేదు. ప్రార్థనలో అమ్మ ఏడిస్తే, సంఘపెద్ద ఒకాయన యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఓపిక వచనం తీసి నన్ను చదవమన్నాడు. రైతు వానల కోసం చూసినట్టు ఓపిగ్గా చూడమని దాని భావం. నేను అధ్యాయం మొదటినుంచి అందుకున్నాను. ఆ వచనానికి పైనే, చేలు కోసినవాళ్ల కూలి మింగిన ధనవంతుల్ని యాకోబు దులిపేసి ఉన్నాడు. ఇవ్వని కూలే కేకలు పెడుతోందనీ, కోతగాళ్ల గోడు దేవుడి చెవిన పడిందనీ ఉంది. అమ్మ తలెత్తింది.

"అదీ దాంట్లోనే ఉందంట్రా? మరి అది ముందు చదవరేంది?"

ఆ తర్వాత నేను చదివిన విమర్శ గ్రంథాల్లో ఇంతకు మించిన ప్రశ్న నాకు దొరకలేదు. ధ్యానానికీ అధ్యయనానికీ ఉన్న తేడా అంతా అందులోనే ఉంది. ధ్యాన పుస్తకం వచనాన్ని అధ్యాయంలోంచి కోసి చేతికిస్తుంది. కోసిన వచనం ఆసామికీ సరిపోద్ది, కూలికీ సరిపోద్ది. అధ్యాయం చదివితే ఎవరు ఎవరితో ఎందుకన్నారో తేలుద్ది. క్యాలెండర్ల మీద అచ్చేసే యిర్మీయా 29:11 చూడండి. మేలు చేస్తానన్న ఆ మాట బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలోది. దాని ముందు వచనంలోనే 70 ఏళ్ల లెక్క ఉంది. ఆ లెక్క క్యాలెండరుకి ఎక్కదు.

'యాత్రికుని ప్రయాణము'నీ ఇట్టాగే ఇచ్చారు. జాన్ బన్యన్ గిన్నెలకు మాట్లు వేసుకుని బతికినవాడు. అనుమతి లేకుండా బోధించాడని 1660లో పట్టుకుని పన్నెండేళ్లు జైల్లో ఉంచారు. మాకు చెప్పింది భక్తి కథ. జైలుకెళ్లిన చేతిపనివాడి రాత అని చెప్పినవాళ్లు లేరు.

అధ్యయనం నలుగురిలో కూర్చుంటేనే సాగుద్ది. ఆ నలుగురిని చెదరగొట్టిందేదో కూడా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే కట్టింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. కులం మారలేదు, అంటు పోలేదు, కాగితం మాత్రం పోయింది. అందుకే మనలో ఎంతోమంది ఉద్యోగుల ఇళ్లలో బైబిలు ముందుగది వదిలి లోపలి గదిలోకెళ్లింది. తలుపేసుకుని చదివేవాడికి రోజుకొక వచనం చాలు. అమ్మలాగా అడిగే మనిషి పక్కన ఉండదు.

జాషువా 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నాకు తెలిసిన ఇళ్లలో ధ్యాన పుస్తకాల పక్కన అది కనపడదు. ధ్యానం మానమని నేననను. పొద్దున్నే ఒక వచనం చదివేవాళ్లు దాని పైన పదీ కింద పదీ కూడా చదవండి. గొంతెత్తి చదవండి, చదువురాని వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని చదవండి. వాళ్లడిగిన ప్రశ్నలు రాసిపెట్టండి. మన వ్యాఖ్యాన గ్రంథం అక్కణ్ణుంచే మొదలవ్వాలి.