వాన వెంట నడిచే మాటలు: ఆంగ్ల, ఉత్తర తెలంగాణ సహప్రయోగాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక విశేషణం ఒక నామంతోనే ఎందుకు జతకడుతుందో, జంటపదాల వరుస ఎందుకు మారదో నిఘంటువుల్లోని విడి అర్థాలు చెప్పలేవు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వ్యవహారాన్ని నిత్యవ్యవహార ఆంగ్లంతో పోల్చి, ఈ జ్ఞానాన్ని బోధన, వాతావరణ హెచ్చరికలు విస్మరించడం వల్ల కలిగే నష్టాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సహప్రయోగం, జంటపదాలు, ద్విరుక్తటకారం, మాండలికం, వర్ష హెచ్చరికలు.

1. ఉపోద్ఘాతం

ఉత్తర తెలంగాణ గ్రామాల నుండి వచ్చే డిగ్రీ విద్యార్థి ‘పెద్దవాన’ను ఆంగ్లంలో ‘బిగ్ రెయిన్’ అని రాస్తాడు. దిద్దేవారు దాన్ని కొట్టివేసి ‘హెవీ రెయిన్’ అని సరిచేస్తారు. దిద్దుబాటు సరైనదే. అయితే అందుకు కారణం మాత్రం ఎవరూ చెప్పరు. వ్యాకరణం ప్రకారం ‘బిగ్ రెయిన్’లో దోషం లేదు. విశేషణం, నామం రెండూ తమ స్థానాల్లోనే ఉన్నాయి. లోపించింది వ్యాకరణం కాదు, సాహచర్యం. ఆంగ్లంలో ‘కొలొకేషన్’ అనే ఈ అంశాన్ని ఈ వ్యాసం ‘సహప్రయోగం’ అని వ్యవహరిస్తుంది.

2. సిద్ధాంత నేపథ్యం

పదానికి ఉండే సాహచర్యం కూడా దాని అర్థంలో భాగమేనని జె. ఆర్. ఫర్త్ 1951 నాటి ‘మోడ్స్ ఆఫ్ మీనింగ్’ వ్యాసంలో ప్రతిపాదించారు. ‘డార్క్’, ‘నైట్’ పదాల పరస్పర సంబంధాన్ని ఆయన ఉదాహరణగా తీసుకున్నారు. ఎం. ఎ. కె. హాలిడే 1966లో దీన్ని మరింత స్పష్టపరిచారు. ఆంగ్లంలో టీ ‘స్ట్రాంగ్’ అవుతుంది, కారు ‘పవర్‌ఫుల్’ అవుతుంది. వాదన మాత్రం రెండు విశేషణాలనూ అంగీకరిస్తుంది. రెండు విశేషణాల అర్థాలు దాదాపు ఒకటే అయినా వాటి పరిధులు వేరు.

తెలుగు వ్యాకరణానికి ఈ గమనిక కొత్తది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెప్పిన ద్విరుక్తటకార కార్యం కడ, నడుమ, పగలు, బయలు వంటి కొన్ని పదాలకే పరిమితం. కట్టకడ, నట్టనడుమ, పట్టపగలు, బట్టబయలు అలా ఏర్పడినవే. పగలుకు దక్కిన ఈ రూపం రాత్రికి దక్కలేదు. రాత్రికి ‘అర్ధరాత్రి’, ‘నడిరాత్రి’ అనే వేరే జతలున్నాయి. ఆంగ్లంలోనూ పగటికి ‘బ్రాడ్ డేలైట్’, రాత్రికి ‘డెడ్ ఆఫ్ నైట్’ అన్నవి స్థిరపడ్డాయి. సూరి దీన్ని సంధిగా చూశారు. కానీ సూత్రాన్ని ఒక గణానికే పరిమితం చేయవలసి రావడంలోనే సహప్రయోగ స్వభావం కనిపిస్తుంది.

3. విశేషణాలు, నామయుగ్మాలు

చిమ్మచీకటి, కటికపేద, పచ్చి అబద్ధం, పండుముసలి అన్న ప్రయోగాల్లో మొదటి పదాలన్నీ ఆధిక్యాన్నే తెలుపుతాయి. అయినా ‘చిమ్మపేద’, ‘కటికముసలి’ అని ఎవరూ అనరు. వీటిలో ‘పండుముసలి’ గమనించదగినది. ఆంగ్లంలోని ‘రైప్ ఓల్డ్ ఏజ్’లోనూ పండడమనే భావనే ఉంది. అయితే తెలుగులో పండేది మనిషి, ఆంగ్లంలో పండేది వయస్సు. భావన ఒకటే అయినా జత వేరు.

నామయుగ్మాల్లో వరుస కూడా స్థిరమే. తెలుగు ‘ఇచ్చిపుచ్చుకోవడం’లో, ఆంగ్ల ‘గివ్ అండ్ టేక్’లో ఇవ్వడం ముందుంటుంది. ఉర్దూ ‘లేనాదేనా’లో తీసుకోవడం ముందుంటుంది. తెలంగాణ ‘ఆలుమొగలు’లో భార్య ముందు, ఆంగ్ల ‘హజ్బెండ్ అండ్ వైఫ్’లో భర్త ముందు. జంటలు పాత పదాలను కాపాడుతాయి కూడా. ఆంగ్లంలో ‘కిత్’ అనే పదం ‘కిత్ అండ్ కిన్’లో మాత్రమే మిగిలింది. అలాగే ‘చెట్టుచేమ’లోని చేమ ఒక దుంపమొక్క పేరు. జంటలో ఆ ప్రత్యేకార్థం మరుగై సమూహార్థం మిగిలింది.

4. మాండలికంలో మారే సాహచర్యం

మాండలిక భేదమంటే పదభేదమనే అభిప్రాయం ఇంకా బలంగా ఉంది. కోస్తా వ్యవహారంలో ఆకలి, దాహం, చలి మూడూ ‘వేస్తాయి’. కరీంనగర్, ఆదిలాబాద్ వ్యవహారంలో ‘ఆకలైతంది’, ‘దూపైతంది’, ‘సలి పెడుతంది’. దాహం స్థానంలో దూప రావడం పదభేదం. ఆకలి, చలి అన్నవి రెండు ప్రాంతాల్లోనూ ఉన్నాయి. మారినది వాటి వెంట వచ్చే క్రియ. విడిపదాలనే ఆరోపాలుగా చేర్చుకునే కోశంలో ఇటువంటి భేదానికి చోటు దొరకడం కష్టం.

చెరువు నిండి పొర్లడాన్ని ఇతర ప్రాంతాల్లో ‘అలుగు పారడం’ అంటే, ఇక్కడ ‘మత్తడి దుంకుడు’ అంటారు. దుంకడం అంటే దూకడం. నీటి వేగం, ఎత్తు, చప్పుడు ఆ ఒక్క క్రియలో ఉన్నాయి. ‘మత్తడి పారింది’ అని దిద్దితే అర్థం మిగులుతుంది, దృశ్యం పోతుంది.

5. హెచ్చరికల భాష

సహప్రయోగం ప్రాణాలకు సంబంధించిన విషయంగా మారే సందర్భం వాతావరణ హెచ్చరిక. భారత వాతావరణ శాఖ వర్గీకరణలో 24 గంటల్లో 64.5 నుండి 115.5 మిల్లీమీటర్ల వాన ‘హెవీ’, 115.6 నుండి 204.4 వరకు ‘వెరీ హెవీ’, ఆపైన ‘ఎక్స్‌ట్రీమ్‌లీ హెవీ’. వీటిని తెలుగులో భారీ, అతి భారీ, అత్యంత భారీ అంటున్నారు. ఆంగ్లంలో ‘వెరీ’ కంటే ‘ఎక్స్‌ట్రీమ్‌లీ’ పై మెట్టని వినగానే తెలుస్తుంది. తెలుగులో ‘అతి ముఖ్యం’, ‘అత్యంత ముఖ్యం’ అన్నవి నిత్యవ్యవహారంలో ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు. అందువల్ల పై రెండు వర్గాల మధ్య తేడా చెవికి అందదు. అనువాదం పదానికి పదం సరిపోయింది, మెట్టు మాత్రం జారిపోయింది.

2022 జులైలో నిర్మల్ జిల్లా కడెం జలాశయానికి విడుదల సామర్థ్యాన్ని మించిన ప్రవాహం వచ్చి, దిగువ గ్రామాల ప్రజలను తరలించవలసి వచ్చింది. అటువంటి ప్రాంతంలో హెచ్చరిక స్థాయి వినగానే తెలియాలి. శాస్త్రీయ పారిభాషికాలను తొలగించాలని ఈ వ్యాసం కోరడం లేదు. ‘కుండపోత’కు మిల్లీమీటర్ల కొలత లేదు. కొలతతో పాటు ‘వాగులు పొంగవచ్చు, చెరువులు మత్తడి దుంకవచ్చు’ అనే స్థానిక ప్రయోగాలను చేర్చాలన్నదే సూచన.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, సహప్రయోగ నియమం రెండు భాషల్లోనూ ఉంది, దాన్ని అర్థం నుండి ఊహించలేం. రెండు, మాండలిక సేకరణ విడిపదాలకే పరిమితమైతే భాషలో పెద్దభాగం నమోదు కాకుండా పోతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలకు చేసిన మేలు ఇప్పుడు జంటలకూ జరగాలి. మూడు, ఆంగ్లబోధన ఇంటిభాషలోని జతల నుండి మొదలుకావాలి. చీకటికి ‘చిమ్మ’ ఎందుకని తన భాషలో ప్రశ్నించుకున్న విద్యార్థికి వానకు ‘హెవీ’ ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు. అప్పుడు ‘బిగ్ రెయిన్’ అతనికి అవమానం కాదు. రెండు భాషలు వానను వేర్వేరుగా చూస్తాయని తెలిపే మొదటి పాఠం అవుతుంది.